మోడల్ రైల్వేకి మన నేల: కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా

పోయిన ఎపిసోడ్‌లో పట్టాలు వేయడం, వైరింగ్ చూశాం కదా. ఈరోజు సీనరీ. అంటే పట్టాల చుట్టూ ఉండే నేల, రాళ్ళు, గడ్డి, నీళ్ళు, చెట్లు. చాలామంది ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. ఇంజిన్ కొంటారు, పట్టాలు కొంటారు, రైలు తిరుగుతుంది, కింద మాత్రం ప్లైవుడ్ అట్లాగే కనపడుతుంది.

ముందు నా తప్పు చెప్తా, అక్కడి నుంచే అసలు విషయం మొదలవుతుంది.

నా మొదటి లేఅవుట్ 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. ఆన్‌లైన్లో ఒక పచ్చగడ్డి మ్యాట్ కొని బల్ల మొత్తం అంటించేశా. దాని మీద ప్యాకెట్లో వచ్చిన కోన్ ఆకారం చెట్లు ఇరవై గుచ్చా. ‘కామారెడ్డి’ అని బోర్డు పెట్టా. ఫొటోకి అదిరిపోయింది. సాయంత్రం మా తాత వచ్చి వంగి చూశాడు. రైలు రెండు చుట్లు తిరిగేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: “రైలు మంచిగున్నది బిడ్డా. గిది ఏ దేశం?”

“కామారెడ్డి తాతా, బోర్డు చూడు” అన్నా.

“బోర్డు పెడితే ఊరైతదా? గింత పచ్చగ మనకాడ ఏడున్నది?”

మా తాత ఆ చెలకలో జీవితాంతం నాగలి దున్నిన మనిషి. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే మ్యాట్ పీకేశా. సగం ఊడింది, సగం ప్లైవుడ్‌కి అతుక్కుని చిరిగింది. డబ్బులు పోయాయి. కానీ పోయింది మ్యాట్ ఒక్కటే, నేర్చుకున్నది చాలా ఉంది.

ఆ మ్యాట్‌లో తప్పేం లేదు, ఫ్రెండ్స్. అది యూరప్ పచ్చికబయళ్ళ కోసం చేసింది. జర్మనీలో హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్ వీడియోలు మీరు చూసే ఉంటారు. అక్కడ స్విట్జర్లాండ్ కొండలు చూస్తే స్విట్జర్లాండే అనిపిస్తుంది. ఎందుకంటే వాళ్ళు ఆ కొండల్ని చూసి చేశారు. మనం వాళ్ళ వీడియో చూసి చేస్తున్నాం. తేడా అక్కడే ఉంది.

ముందు చోటు, తర్వాత కాలం

బల్ల మీద ఏదైనా చల్లేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఏ చోటు? ఏ కాలం?

నేను ఎంచుకున్నది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి. కామారెడ్డిలో స్టేషన్ ఉంది. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ పోయే లైన్. 1900 ప్రాంతంలో నిజాం కాలంలో మీటర్ గేజ్‌గా వేశారు, చాలా ఏళ్ళ తర్వాత బ్రాడ్ గేజ్ చేశారు. ఎల్లారెడ్డికి మాత్రం పట్టాలు లేవు. నా బల్ల మీద వేశా. బల్ల మనదే కదా, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. నాది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87. నిజమైన దాన్ని 87తో భాగించాలి. రెండూళ్ళ మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. దాన్ని స్కేల్‌లో చేయాలంటే దాదాపు 460 మీటర్ల బల్ల కావాలి. నా 8 అడుగుల బల్ల నిజంలో 212 మీటర్లకి సమానం, అంతే. కాబట్టి దారి మొత్తం చేయలేం. దారిలో నేల ఎక్కడెక్కడ మారుతుందో చూసి, నాలుగు ముక్కలు తీసుకున్నా. కామారెడ్డి స్టేషన్ యార్డు ఒకటి. గుండ్లున్న ఎర్ర చెలక రెండు. లింగంపేట వైపు ఎండిన అడవి మూడు. చెరువు, దాని కింద వరి పొలాలున్న ఎల్లారెడ్డి నాలుగు. ఒక్కోటి రెండడుగులు.

కాలం విషయానికొస్తే, శివరాత్రి దాటి హోలీ వచ్చే రోజులు తీసుకున్నా. అప్పుడు గడ్డి ఎండి ఉంటుంది, టేకు ఆకు రాలుతుంది, మోదుగ పూస్తుంది, చెరువు సగానికి దిగుతుంది. పచ్చదనం ఒక్క చోటే ఉంటుంది: యాసంగి వరిలో. ఎల్లారెడ్డి వైపు ఆ నీళ్ళు పోచారం ప్రాజెక్టువి, 1922లో పూర్తయింది. అంటే మన దగ్గర ఆ కాలంలో పచ్చ రంగు నీళ్ళ వెనకాలే పోతుంది. నీళ్ళు లేని చోట పచ్చ వేస్తే అబద్ధం. ఈ ఒక్క రూల్ పట్టుకుంటే మీ లేఅవుట్ సగం పూర్తయినట్టే.

కాలం ఎంచుకున్నాక దానికి కట్టుబడాలి. నేను ఒక మూల గునుగు పూలు పెట్టా, చూడ్డానికి బాగున్నాయని. నాయనమ్మ నవ్వి, “హోలీకి బతుకమ్మ పూలు ఏడికెళ్ళి వచ్చినయి రా?” అంది. తీసేశా.

నేల ఎత్తుపల్లాలు

మన భూమి బల్లలాగా చదునుగా ఉండదు. పట్టాలు కట్ట మీద ఉంటాయి, పక్కన కాలువ పల్లంలో ఉంటుంది. అందుకే ప్లైవుడ్ మీద ముందు థర్మాకోల్ ముక్కలు పేర్చి ఎత్తుపల్లాలు తెచ్చా. ఫ్రిజ్, టీవీ డబ్బాల్లో వచ్చే థర్మాకోల్ చాలు. దాని మీద పాత న్యూస్‌పేపర్ ముక్కలు నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో రెండు పొరలు, ఆ పైన పల్చగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెప్పులకి, రెక్సిన్‌కి వాడే పసుపు రంగు గమ్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. స్ప్రే పెయింట్ కూడా అంతే. నా మొదటి గుట్ట మధ్యలో గుంట పడింది ఇట్లాగే. తెల్ల ఫెవికాల్, నీళ్ళలో కలిసే పెయింట్, ఈ రెండే వాడండి. థర్మాకోల్ కోసేటప్పుడు, ప్లాస్టర్ గీకేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, కిటికీ తెరిచి పెట్టండి.

తర్వాత గుండ్లు. మన గుట్టలు కోసుగా ఉండవు. గుండ్రటి రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ రాళ్ళు. రాయిలో అడ్డంగా, నిలువుగా పగుళ్ళుంటాయి. వాన నీళ్ళు ఆ పగుళ్ళలోకి పోయి రాయిని మెల్లగా తింటాయి. మూలల దగ్గర రెండు మూడు వైపుల నుంచి దాడి జరుగుతుంది కాబట్టి మూలలు ముందు అరుగుతాయి. పెట్టెలా ఉన్న రాయి గుండులా మిగులుతుంది. ఇది తెలిస్తే చేయడం ఈజీ. థర్మాకోల్‌ని ముందు పెట్టెల్లాగా కోయండి, తర్వాత మూలలు మాత్రం అరగదీయండి. రాళ్ళ మధ్య పగుళ్ళు ఒకే వరసలో రావాలి. ఇష్టమొచ్చినట్టు ఉండలు చేసి పెడితే లడ్డూల కుప్పలా ఉంటుంది. 3 మీటర్ల గుండు మన స్కేల్‌లో మూడున్నర సెంటీమీటర్లు. బూడిద రంగు వేసి, కింద భాగంలో పల్చటి ఎర్రమట్టి నీళ్ళు పూయండి. వాన పడ్డప్పుడు మట్టి చిందిన మరక అది.

మట్టి: కొనొద్దు, తెచ్చుకోండి

ఇది ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన భాగం. నేల రంగుకి మట్టి కంటే మంచి పెయింట్ లేదు. చెలక నుంచి ఒక డబ్బా ఎర్రమట్టి, చెరువు దగ్గర నుంచి ఒక డబ్బా నల్లమట్టి తెచ్చుకున్నా.

మొదటి పని: ఎండబెట్టి, పాత పెంక మీద పది నిమిషాలు వేడి చేయండి. చీమల గుడ్లు, విత్తనాలు ఉంటే పోతాయి. లేకపోతే వానాకాలంలో మీ లేఅవుట్ మీద నిజంగానే మొలకలొస్తాయి.

రెండో పని: జల్లించడం. పిండి జల్లెడ, తర్వాత ఛాయ్ జాలి, చివరికి పాత పల్చటి బట్ట. మూడు సైజులు వస్తాయి. బట్టలోంచి వచ్చిన పొడి బాటలకి, స్టేషన్ యార్డుకి. జాలిలోంచి వచ్చింది చెలకకి. జల్లెడ మీద మిగిలిన గరుకు రాళ్ళ గుట్టల కిందికి.

మూడో పని ఎవరూ చెప్పరు, నేను ఇంజిన్ పాడు చేసుకుని నేర్చుకున్నా. మట్టిని పేపర్ మీద పల్చగా పరిచి, పాత స్పీకర్ అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి దాని మీద రెండు మూడుసార్లు తిప్పండి. చూడండి, నల్లటి రేణువులు ఎలా అంటుకుంటున్నాయో. అది మట్టిలో ఉండే ఇనుప ఖనిజం. ఇంజిన్ మోటార్‌లో అయస్కాంతం ఉంటుంది కదా, ఈ రేణువుల్ని లోపలికి లాక్కుంటుంది. నా ఇంజిన్ వారం రోజులు బాగానే తిరిగి, ఒక రోజు గరగరమని ఆగిపోయింది. విప్పి చూస్తే గేర్ల నిండా నల్ల పొడి.

ఇప్పుడు అంటించడం. ముందు నేలకి మట్టి రంగు పెయింట్ వేయండి, ఎక్కడైనా మట్టి ఊడినా కింద తెల్ల ప్లాస్టర్ కనపడదు. ఆరాక ఫెవికాల్ పల్చగా పూసి జాలితో మట్టి చల్లండి. తర్వాత స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టాలి, కానీ ఉట్టి నీళ్ళు కాదు. ఉట్టి నీళ్ళు పొడి మట్టి మీద ముత్యాల్లా దొర్లుతాయి, లోపలికి దిగవు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేస్తే నీటి తలతన్యత తగ్గి వెంటనే ఇంకుతుంది. మట్టి తడిసాక, ఒక వంతు ఫెవికాల్‌కి రెండు వంతుల నీళ్ళు, మళ్ళీ రెండు చుక్కల లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వేయండి. పాలలా తెల్లగా కనపడుతుంది, భయపడొద్దు, ఆరితే పోతుంది. ఒక రోజు ముట్టుకోకండి.

ఇంకోటి. జిగురు తగిలాక మట్టి రంగు ముదురుతుంది. అందుకే ముందు అట్ట ముక్క మీద టెస్ట్ చేయండి. నా ఎర్ర చెలక ఆరాక గోధుమ రంగులోకి దిగింది. అదే మట్టి పొడిని చివర్లో మెత్తటి బ్రష్‌తో పైపైన అద్దితే అసలు రంగు తిరిగొచ్చింది. ఒక నేల నుంచి ఇంకో నేలకి గీత గీసినట్టు మారొద్దు. ఎర్రమట్టి, నల్లమట్టి కలిసే చోట ఒక జానెడు మేర రెండూ కలిపి చల్లండి.

పట్టాల కింద కంకర

అసలు రైల్వే కంకర దాదాపు 50 మిల్లీమీటర్ల రాయి. మన స్కేల్‌లో 0.6 మిల్లీమీటర్లు. అంటే బొంబాయి రవ్వ కంటే పెద్దగా ఉండకూడదు. రోడ్డు పక్క ఇసుక అట్లాగే పోస్తే పట్టాల మధ్య బండరాళ్ళు పడ్డట్టుంటుంది. ఇళ్ళు కట్టే చోట దొరికే క్రషర్ డస్ట్‌ని ఛాయ్ జాలిలో జల్లిస్తే సరిగ్గా సరిపోతుంది. అది కూడా గ్రానైట్ పొడే. దాని మీద కూడా అయస్కాంతం తిప్పండి.

స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి బ్రష్‌తో సర్ది, స్లీపర్ పైభాగం కంటే కొంచెం కిందికే ఉంచండి. తర్వాత అదే సబ్బు నీళ్ళ పద్ధతి. కానీ పాయింట్లు, అంటే రైలు లైను మారే చోటు, అక్కడ జిగురు చుక్క కూడా పడొద్దు. నా పాయింట్ ఒకటి శాశ్వతంగా కామారెడ్డి వైపే ఉండిపోయింది, ఎల్లారెడ్డికి తిరగనంది. అక్కడ కంకర బదులు బూడిద రంగు వేసి వదిలేయండి. జిగురు పూర్తిగా ఆరకముందే పట్టా పైభాగం స్పిరిట్ తడిపిన బట్టతో తుడవండి, లేకపోతే కరెంట్ అందదు.

ఒక మాట అనిపిస్తుంది ఇక్కడ. ఆ కంకర వచ్చేది గుట్టల్ని పగలగొడితేనే. మా తాత చిన్నప్పుడు మేకలు కాసిన గుట్ట ఇప్పుడు సగమే ఉంది. నా బల్ల మీద ఉన్న గుట్ట ఆయన చెప్పిన కొలతల ప్రకారం చేసింది. ఫొటో లేదు. చెయ్యి ఇట్లా పెట్టి, “గీ గుండు మీద గా గుండు” అని చూపించాడు.

గడ్డి, వరి, చెరువు

ఎండు గడ్డికి గోనె సంచి దారం బెస్ట్. రంగు కూడా వేయక్కర్లేదు. మోకాలెత్తు గడ్డి అంటే 5 మిల్లీమీటర్లు. దారాన్ని చిన్న చిన్న కుచ్చులుగా కోసి, మొదట్లో ఫెవికాల్ ముంచి నిలబెట్టండి. అంతటా ఒకేలా కాదు. రాళ్ళ మొదట్లో, కంచె వెంట, కాలువ పక్కన గుంపులుగా పెట్టండి. మధ్యలో నేల కనపడాలి. పశువులు మేసిన నేల కదా.

పొదలకి రంపపు పొట్టు, పోస్టర్ కలర్‌లో నానబెట్టి ఎండబెట్టింది. లేదా పాత స్పాంజి నీళ్ళలో వేసి మిక్సీలో తిప్పింది. అమ్మ మిక్సీ మాత్రం వాడకండి. నేను వాడా, ఆ కథ వద్దు.

యాసంగి వరి ఆ రోజుల్లో ఒకటిన్నర అడుగుంటుంది, మన స్కేల్‌లో ఐదారు మిల్లీమీటర్లు. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ముక్కని ఆ ఎత్తుకి కత్తిరించి లేత పచ్చ రంగు వేశా. మడులు మరీ చతురస్రంగా వద్దు. నేల వాలుని బట్టి ఒడ్లు వంకర తిరుగుతాయి. ఒడ్డు వెడల్పు అడుగు, అంటే మూడున్నర మిల్లీమీటర్లు. దాని మీద కాలిబాట కాబట్టి మట్టి రంగే ఉండాలి.

చెరువుకి కట్ట, తూము, మత్తడి మూడూ ఉండాలి. నీళ్ళు సగానికి దిగాయి కాబట్టి అంచు చుట్టూ ఎండి బీటలు వారిన నల్లమట్టి ఉంచా. నల్లమట్టిని ముద్ద చేసి పల్చగా పూసి ఎండలో పెడితే బీటలు దానంతటవే వస్తాయి. చెరువు అడుగున మధ్యలో ముదురు, అంచుకి పోయేకొద్దీ లేత మట్టి రంగు వేయండి. నీలం వద్దు. మన చెరువు నీలంగా కనపడేది ఆకాశం వల్లే. పైన నీళ్ళలో కలిసే గ్లాస్ వార్నిష్ పల్చటి పూతలు ఏడెనిమిది, ఒక్కోటి ఆరాకే ఇంకోటి. ఎపాక్సీ రెసిన్ వాడితే ఒక్కసారికి 3 మిల్లీమీటర్లు దాటి పోయకండి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కింద థర్మాకోల్‌కి ప్లాస్టర్ పూత లేకపోతే కరిగిపోతుంది.

చెట్లు: తక్కువ, కానీ సరైనవి

15 మీటర్ల తాటి చెట్టు మన స్కేల్‌లో 17 సెంటీమీటర్లు. చాలామంది ఏడెనిమిదికే ఆపేస్తారు. 19 మిల్లీమీటర్ల మనిషి పక్కన అది మొక్కలా ఉంటుంది. వెదురు పుల్లకి దారం చుట్టి, ప్లాస్టర్ ముద్ద పూసి, బూడిద నలుపు వేస్తే కాండం. ఆకులకి ఒకటిన్నర సెంటీమీటర్ల కాగితం విసనకర్రలు పాతిక. పై ఆకులు పచ్చగా, కింద వేలాడేవి ఎండినట్టు ఉండాలి. ఎండు కమ్మలు లేని తాడి షోరూం చెట్టులా ఉంటుంది.

వేపకి పాత కరెంట్ వైర్ రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలు చేశా, మిక్సీ స్పాంజి ఆకులు. మోదుగకి ఎండు పుల్లలు చాలు. ఆకులుండవు, కొమ్మల చివర నారింజ రంగు స్పాంజి పొడి మాత్రమే. బల్ల మొత్తం మీద మోదుగలు మూడే పెట్టా. గోధుమ రంగు అడవిలో మూడు చాలు, కళ్ళు అక్కడికే పోతాయి.

వెనక వరస చెట్లు కొంచెం చిన్నవిగా, రంగు వెలిసినట్టుగా చేయండి. దూరంగా ఉన్నవి దుమ్ములో అట్లాగే కనపడతాయి. రెండడుగుల బల్ల రెండు కిలోమీటర్లలా అనిపిస్తుంది.

ఫోన్‌తో పరీక్ష

చివరి పని. ఫోన్‌ని తలకిందులు చేయండి. కెమెరా కిందికొస్తుంది. దాన్ని లేఅవుట్ నేల మీద ఆనించి ఫొటో తీయండి. అది ఆ చిన్న మనిషి కంటి ఎత్తు. పైనుంచి చూస్తే బొమ్మలా కనపడేది అక్కడి నుంచి ఊరైపోతుంది. తప్పులు కూడా అక్కడే దొరుకుతాయి: మెరిసే జిగురు మచ్చ, గాల్లో తేలే రాయి, నేలలోకి దిగని కాండం. నా మొదటి పరీక్షలో పదకొండు తప్పులు దొరికాయి.

సరిచేశాక అదే ఫొటో మా తాతకి చూపించా. బల్ల చూపించలేదు, ఫోనే ఇచ్చా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “గీ గుండ్ల పక్క మోదుగ చెట్టు కిందనే ఎడ్లను ఇడుస్తుంటిమి. ఎవలు తీసిండ్రు గీ ఫొటో?” అన్నాడు. అది బల్ల మీదిదని చెప్తే నమ్మలేదు. తీసుకెళ్ళి చూపించా. రైలు కామారెడ్డి నుంచి బయల్దేరి గుండ్లు దాటి, అడవి దాటి, చెరువు కట్ట పక్కన ఆగింది. అక్కడి బోర్డు చదివి నా వైపు చూశాడు.

“ఎల్లారెడ్డికి రైలెప్పుడొచ్చెరా?”

“ఈరోజే తాతా” అన్నా.

మీరు కూడా ఈ వారం ఒక పని చేయండి. ఏదీ కొనకముందు మీ ఊరి మట్టి ఒక డబ్బా తెచ్చుకోండి, జల్లించండి, అట్ట ముక్క మీద అంటించి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో స్టేషన్ బిల్డింగ్, ప్లాట్‌ఫాం చేద్దాం. ఉంటా మరి, నమస్తే.